వారసత్వ వాహన కళ: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం

పెద్దల నుంచి ఇంటికి దక్కిన బండిని అమ్మకుండా, పాత ఇనుప సామానుకు వేయకుండా, చేత్తో చెక్కి, సాగగొట్టి, రంగు దిద్ది చూడదగిన వస్తువుగా మలచుకోవడమే వారసత్వ వాహన కళ. ఎడ్ల బండి, సవారి కచ్చురం, సైకిల్, స్కూటర్, జీపు, కారు, లారీ అన్నీ దీని పరిధిలోకి వస్తాయి. కొత్త కారు మీద స్టిక్కర్లు అంటించడం, సినిమాకో ప్రచారానికో వాహనాన్ని ముస్తాబు చేయడం దీని కిందికి రావు. వాహనానికి ఇంటితో ఏళ్ల తరబడి సంబంధం ఉండాలి, దాని మీద పడిన పని మనిషి చేతిది కావాలి అన్నవి రెండే షరతులు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పూర్వం నిజామాబాద్ జిల్లాలోవి. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి కొత్త జిల్లా అయింది. ఎల్లారెడ్డి, బాన్సువాడ, కామారెడ్డి దాని రెవెన్యూ డివిజన్లు. కామారెడ్డి 44వ నంబరు జాతీయ రహదారి మీద, సికింద్రాబాద్–మన్మాడ్ రైలు మార్గం మీద పెరిగిన వ్యాపార పట్నం. బెల్లం మార్కెట్‌కు పేరు. ఎల్లారెడ్డి మంజీర వైపు పల్లెలకూ తండాలకూ కూడలి. ఒకచోట లారీ, మోటారు షెడ్డు. మరోచోట ఎడ్లు, నాగలి. ఈ కళకు కావలసిన రెండు చేతులూ, అంటే వడ్లవారి (వడ్రంగుల) చెయ్యి, పెయింటర్ చెయ్యి, ఈ రెండు ఊళ్ల మధ్యే దొరుకుతాయి. అయితే అలంకారమూ చేతిపనీ ఒకటే అనుకోవడం పొరపాటు. ఈ నేల మీద ఎడ్ల బండికి చేసే అలంకారం ఎప్పుడూ ఒక పూటదే. నిలిచే పని మాత్రం అతుకుల్లో, బిగింపుల్లో, మరమ్మతుల్లో దాగి ఉంటుంది.

ఇంటి బండి

1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు బండి బతుకును మార్చింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో మంజీర మీద కట్టిన ఈ జలాశయం కింద వరి, చెరకు విస్తరించాయి. 1930ల చివర బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. చెరకు గడెలు ఫ్యాక్టరీకి చేరాలన్నా, గానుగ దగ్గర వండిన బెల్లం అంగడికి రావాలన్నా బండే దిక్కు. చెరకు బండి అంటే బరువు బండి. చక్రం గట్టిగా లేకపోతే బురద దారిలో ఇరుసు విరిగి సరుకంతా నేలపాలవుతుంది. అందుకే ఇక్కడి బండి మీద చెక్కుడు పని తక్కువ, బిగువు పని ఎక్కువ.

సవారి కచ్చురం సంగతి వేరు. పెండ్లికి, జాతరకు, పుట్టింటి ప్రయాణానికి వాడే తేలిక బండి అది. పైన గూడు, లోపల మెత్త, నొగల కొనలకు ఇత్తడి తొడుగులు. కాస్త కలిగిన ఇండ్లలోనే కచ్చురం ఉండేది కనుక అది ఆ ఇంటి హోదాను చాటేది. ఆస్తి పంపకాల్లో భూమి, ఎడ్లు, బాయితో పాటు బండినీ లెక్కలోకి తీసుకునేవారు. అన్నదమ్ములు విడిపడ్డప్పుడు బండి పెద్దకొడుకు వాటాకు పోయి, చిన్నవాడు పంట కోతల్లో అడిగి వాడుకోవడం పల్లెల్లో మామూలే.

వడ్లవారి పని

బండిచక్రాన్ని దగ్గరగా చూస్తే చేతిపని అంటే ఏమిటో అర్థమవుతుంది. నడుమ కుండ. దాని తొలుచుల్లో దిగేవి ఆకులు. ఆకుల రెండో కొసలు దిగేది చక్రపు అంచు ముక్కలైన పూటీల్లోకి. సాధారణంగా ఒక్కో పూటీ రెండేసి ఆకులను పట్టుకుంటుంది. దెబ్బకు ఓర్చుకునేది, పగలనిది కావాలని కుండకూ పూటీలకూ తుమ్మ వంటి గట్టి కట్టెను, తేలికగా చెక్కుడుపడాలని పై భాగాలకు టేకును వాడతారు. ఎక్కడా జిగురు ఉండదు, మేకులు లేనంత తక్కువ. తొలుచు ఒక్క నూలు వదులైనా చక్రం బరువు కింద అరుస్తుంది.

ఆ కట్టెపనినంతా ఒక్కటిగా బిగించేది ఇనుప పట్టా. దాన్ని ఎక్కించడం వడ్ల, కమ్మరి చేతులు రెండూ కలిసే ఘట్టం. చక్రం చుట్టుకొలత కన్నా పట్టాను కొద్దిగా చిన్నదిగా వంచి అతుకుతారు. నేల మీద పిడకలు పేర్చి, పట్టాను వాటి నడుమ ఉంచి ఎర్రగా కాలుస్తారు. నాలుగున్నర అడుగుల చక్రానికి పట్టా పొడవు 4.3 మీటర్ల దాకా ఉంటుంది. ఉష్ణోగ్రత 500 డిగ్రీలు పెరిగితే అంత ఇనుము దాదాపు 26 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం సాగుతుంది. ఆ అంగుళం సందులోనే పని అంతా జరగాలి. పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, సుత్తులతో సర్ది, కట్టె అంటుకోకముందే నీళ్లు గుమ్మరిస్తారు. ఇనుము ముడుచుకుంటుంది, పూటీలు ఒకదానికొకటి ఒత్తుకుంటాయి, ఆకులు కుండలోకి ఇంకాస్త దిగుతాయి. చక్రం పటపటమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడును బట్టే బిగువు సరిపోయిందా లేదా అని చెప్పగల పనివాళ్లు ఉండేవారు. ఎండాకాలం కట్టె ఎండి పట్టా వదులైతే చక్రాలను చెరువులో నానబెట్టడం ఇంటివాళ్లే చేసుకునే మరమ్మతు.

తాతల బండి అని చెప్పుకునేదాన్ని విప్పి చూస్తే అందులో తాత చేయించింది కొంతే మిగిలి ఉంటుంది. ఇరుసు ఒకసారి మారింది, పూటీలు ఒకటొకటిగా మారాయి, నొగ ఒకటి కొత్తది. కట్టె ఇరుసు పోయి ఇనుప ఇరుసు, ఆ తర్వాత కొన్నిచోట్ల కట్టె చక్రమే పోయి రబ్బరు టైరు వచ్చాయి. అయినా అది తాత బండే. వంశంలో చేతులు మారుతూ వచ్చిన మరమ్మతే దాని వారసత్వం. మ్యూజియంలో గాజు వెనక పెట్టే వస్తువుకూ దీనికీ ఉన్న తేడాను ఈ కళ గురించి రాసేవారు తరచూ మరిచిపోతారు.

ఒక్క పూట అలంకారం

శ్రావణ బహుళ అమావాస్య, పొలాల అమావాస్య, ఈ జిల్లాలో ఎడ్ల పండుగ. మహారాష్ట్రకు ఆనుకున్న మద్నూర్, జుక్కల్, బిచ్కుంద వైపు దీనికి మరింత సందడి. ఎడ్లను కడిగి, కొమ్ములకు వార్నీషు పూసి, మెడలో గజ్జెలు, వీపున జూలు వేసి ఊరేగిస్తారు. ఆనాడు బండికీ కాడికీ పసుపు, కుంకుమ. ఉగాదికి గుడి చుట్టూ బండ్లు తిప్పే ఆచారం తెలంగాణ పల్లెలు చాలావాటిలో ఉంది. ఎడ్లు తగ్గిన ఊళ్లలో ఇప్పుడు ట్రాక్టర్లు, ఆటోలు కూడా ఆ వరుసలో తిరుగుతున్నాయి. దీన్ని చూసి నొచ్చుకోనక్కరలేదు. ట్రాక్టరు ఇంటికి వచ్చి ముప్పై ఏళ్లయితే అదీ వారసత్వమే.

ఈ ఆచారాన్ని పెద్ద ఎత్తున చూడాలంటే మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలోని ఏడుపాయలకు వెళ్లాలి. మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గా భవాని గుడి ఉంది. శివరాత్రికి మూడు రోజుల జాతర సాగుతుంది. రెండో రోజు బండ్ల ఊరేగింపు. ఊరూరి నుంచి వచ్చిన బండ్లకు రంగు చీరలు చుట్టి, మామిడి తోరణాలు కట్టి గుడి చుట్టూ తిప్పుతారు. ఏడుపాయల నీళ్లే కిందికి పారి నిజాంసాగర్ చేరతాయి, ఎల్లారెడ్డి వైపు జనం ఈ జాతరకు కొత్త కాదు. ఇక్కడ గమనించదగిన విషయం, చుట్టేది ఇంటి ఆడవాళ్ల చీరలనే. జాతర అయ్యాక చీర మళ్లీ పెట్టెలోకి పోతుంది, బండి మళ్లీ పేడ తోలడానికి పోతుంది. శాశ్వతంగా రంగు పూసి బండిని పనికి దూరం చేయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. హైదరాబాద్, సికింద్రాబాద్ బోనాల్లో ఫలహారపు బండ్లదీ ఇదే పద్ధతి. తరతరాలుగా ఒకే ఇంటివాళ్లు తీసే బండ్లు అందులో ఉన్నాయి. ఎద్దుల స్థానంలో డీసీఎం వ్యాన్లు వచ్చినా బండి తీసే హక్కు, బాధ్యత ఆ ఇంటివే.

లంబాడీ తండాలది ఇంకో దారి. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి మండలాల్లో తండాలు ఎక్కువ. బండ్లు తిరగని దారుల్లో ధాన్యం, ఉప్పు ఎడ్ల వీపుల మీద మోసిన బంజారాలకు ఎద్దే వాహనం. మొగల్ సైన్యాలకు సరుకు చేరవేసింది కూడా ఈ ఎడ్ల బారులే. బారుకు ముందు నడిచే ఎద్దుకు అద్దాలు, గవ్వలు కుట్టిన ముఖపట్టీలు, కొమ్ముల తొడుగులు, వీపు గుడ్డలు వేసేవారు. మోటారు వచ్చాక ఎద్దు పోయింది, కుట్టుపని మాత్రం ఆడవాళ్ల బట్టల మీద నిలిచింది. స్కూటర్ సీటు తొడుగుకో, జీపు లోపలి కప్పుకో ఈ పని చేయించాలనుకునేవారికి కావలసిన చేతులు ఇక్కడి తండాల్లోనే ఉన్నాయి. రంగుకన్నా ఈ దారి నయమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కుట్టు విప్పవచ్చు, మళ్లీ కుట్టవచ్చు, బండి ఒంటికి గాయం కాదు.

మోటారు, డ్యూకో, నిర్మల్

ఈ ప్రాంతంలో ఇప్పుడు వారసత్వంగా దిగుతున్న వాహనం ఎక్కువగా స్కూటర్. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది, 2000ల చివరికల్లా పెట్రోలు చేతక్ తయారీ ఆగింది. ప్రభుత్వ లైసెన్సులతో ఉత్పత్తిని కట్టడి చేసిన కాలంలో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గాని బండి చేతికి రాలేదు. అంత కష్టపడి తెచ్చుకున్నది కనుకే బాపు స్కూటర్‌ను కొడుకులు తేలిగ్గా వదులుకోరు. హైదరాబాద్ ఆల్విన్ పేరుతో వచ్చిన పుష్పక్ స్కూటర్లూ, 2014 దాకా తయారైన అంబాసిడర్లూ ఇదే కోవలోవి. నంబరు పలకే కుటుంబ చరిత్ర చెబుతుంది. ఏపీ 25 అంటే పాత నిజామాబాద్ జిల్లా బండి, టీఎస్ 17 అంటే కామారెడ్డి జిల్లా వచ్చాక, టీజీ 17 అంటే 2024 మార్చి తర్వాత రిజిస్టర్ అయింది.

చేతిపనికి పాత చేతక్ అనువైనది, ఎందుకంటే దాని ఒళ్లంతా ఉక్కు రేకు. సొట్టను లోపలి నుంచి దిమ్మె పెట్టి కొట్టి తీయవచ్చు, చిల్లును గ్యాస్ వెల్డింగ్‌తో పూడ్చవచ్చు, రేకు మీద చెక్కుడు గీత కూడా దించవచ్చు. ఫైబర్ తొడుగుల స్కూటర్లకు ఈ భాగ్యం లేదు. వాటికి రేడియం స్టిక్కరే గతి. పని వరుస డెంటింగ్, పెయింటింగ్ షెడ్లన్నిటా ఒకటే. తుప్పును ఇనుప బ్రష్‌తో గీకి, పాత రంగును ఊడదీసి, ప్రైమర్ కొట్టి, గుంటల్లో లప్పం పెట్టి, నీళ్లతో తడుపుతూ ఎమరీ కాగితంతో అరగదీసి, మళ్లీ ప్రైమర్, ఆపైన రంగు. రోజంతా ఎండలో నిలిచే బండి రేకు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది కనుక లప్పం మందంగా పెడితే రెండు వేసవుల్లో పగిలి పెచ్చులూడుతుంది. సొట్టను కొట్టి తీసే ఓపిక లేని చోట లప్పంతో నింపేస్తారు. కొత్త మెరుపు కింద ఆ మోసం కొన్నాళ్లు కనిపించదు.

బొమ్మ వేయడానికి వచ్చేసరికి ఉత్తరాన వంద కిలోమీటర్ల దూరంలోని నిర్మల్ గుర్తుకు రావాలి. తేలికైన పొణికి కట్టెతో బొమ్మలు చెక్కే నకాషీ కుటుంబాల ఊరు అది. 1955లో అక్కడి కళాకారులు సహకార సంఘంగా ఏర్పడ్డారు. నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. చెట్ల రసాలు, ఖనిజాల రంగులతో మొదలైన ఈ పని ఇరవయ్యో శతాబ్దంలో డ్యూకోకు మారింది. డ్యూకో పుట్టింది మోటారు కార్ల కోసం. 1920ల్లో అమెరికాలో డూపాంట్ కంపెనీ తెచ్చిన ఈ నైట్రోసెల్యులోజ్ రంగు, కారుకు రంగు ఆరడానికి పట్టే కాలాన్ని వారాల నుంచి గంటలకు తగ్గించింది. అదే రంగు నిర్మల్‌లో నల్లని నేల మీద బంగారు లతలుగా, పక్షులుగా మారింది. కాబట్టి బాపు స్కూటర్ డిక్కీ మీద నిర్మల్ లత వేయించుకున్నవారు వింత చేసినట్టు కాదు, కారు రంగు కట్టె మీద కొంతకాలం ఉండి తిరిగి ఇనుము మీదికి వచ్చినట్టే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. కట్టె పీల్చుకున్నట్టు రేకు రంగును పీల్చుకోదు. సరైన ప్రైమర్ కింద, ఎండను తట్టుకునే క్లియర్ కోటు పైన లేకపోతే లత ఎన్నాళ్లో నిలవదు.

లారీల సంగతి చెప్పకుండా కామారెడ్డి గురించి రాయలేం. ఉత్తర దక్షిణ భారతాలను కలిపే రహదారి ఊరిని ఆనుకునే పోతుంది. పంజాబ్, రాజస్థాన్ లారీల మీది నెమళ్లు, తామరలు, కుచ్చులు ఇక్కడి పెయింటర్లు దశాబ్దాలుగా చూస్తున్నారు. తెలుగు లారీల మీద రంగుకన్నా రాత ఎక్కువ. పిల్లల పేర్లు, ఇలవేల్పు పేరు, అమ్మానాన్నల దీవెన, వెనక హారన్ కొట్టమన్న విన్నపం. తండ్రి లారీ కొడుకు చేతికి వచ్చినప్పుడు క్యాబిన్ నెత్తిన పేర్ల వరుసకు ఇంకో పేరు చేరుతుంది. వంశవృక్షం గీసుకోవడానికి అంతకన్నా పెద్ద బల్ల ఏ ఇంట్లో ఉంటుంది?

ఏది ఉంచాలి, ఏది తీయాలి

వారసత్వ వాహనం మీద పని మొదలుపెట్టేవాడికి ఎదురయ్యే అసలు ప్రశ్న ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నదే. దూరదేశపు ఉదాహరణ ఒకటి చూద్దాం. అమెరికా గాయని జానిస్ జోప్లిన్ 1968లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 1964 నాటి పోర్షే 356కు ఆమె బృందంలోని డేవ్ రిచర్డ్స్ ఒళ్లంతా బొమ్మలు వేశాడు. 1970లో ఆమె చనిపోయాక కారు తోబుట్టువులకు దక్కింది. కుటుంబం దాన్ని వాడుకుంటూ, ఒక దశలో బొమ్మల రంగంతా తీయించి కంపెనీ బూడిద రంగు వేయించింది. 1990ల్లో మనసు మార్చుకుని పాత ఫొటోలు చూసి అవే బొమ్మలు తిరిగి వేయించారు. 2015 డిసెంబర్‌లో వేలంలో అది 17.6 లక్షల డాలర్లకు పోయింది. కొన్నవాడికి దక్కింది నకలు బొమ్మే. అయినా ఆ ధర పలికిందంటే విలువ రంగులో కన్నా ఆ ఇంటి కథలోనే ఉందన్నమాట.

హైదరాబాద్‌లో దీనికి తలకిందుల ఉదాహరణ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను ఆర్డరు చేసి, అది రాకముందే 1911లో కన్నుమూశాడు. 1912 నాటి ఆ కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. లండన్ బార్కర్ కంపెనీ కట్టిన బాడీ, పసుపు రంగు, లోపల సింహాసనం లాంటి ఎత్తు సీటు. పుట్టుకతోనే కళావస్తువు, పుట్టకముందే వారసత్వం. కొన్ని వందల మైళ్లే తిరిగింది. చూడటానికి అద్భుతం. కాని చెరకు మోసి, పట్టా మార్చుకుని, చీర కట్టుకుని ఊరేగిన బండి ముందు దాని కథ చిన్నదే.

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు పని చేయించుకునేవారు పాత రంగులో ఒక జానెడు చోటైనా ముట్టకుండా వదలడం మంచిది. చెయ్యి ఆనించి ఆనించి అరిగిన హ్యాండిల్, పాల క్యాన్లు తగిలి గీతలుపడ్డ పక్క రేకు, పాత దుకాణం పేరున్న పలక, ఇవి పోతే తిరిగి రావు. బొమ్మ ఎప్పుడైనా వేయించుకోవచ్చు.

ఇతర చోట్ల

చేత్తో వాహనాలు చేయడంలో తెలుగునాట పెద్ద పేరు కె. సుధాకర్‌ది. హైదరాబాద్ బహదూర్‌పురాలో 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో వంకాయ, బర్గర్, క్రికెట్ బ్యాట్, బూటు, కెమెరా ఆకారాల్లో నడిచే బండ్లున్నాయి. ఎక్కువగా పాత ఇనుప సామాను నుంచి పుట్టినవే. 2005 జూలై 1న ఆయన నడిపిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిల్ గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇది వారసత్వ కళ కిందికి రాదు, తాతల బండి ఏదీ అందులో మలచబడలేదు. అయినా స్థానికంగా ఒక మనిషి చేతులు ఇనుముతో ఎంత చేయగలవో చూపడానికి ఇంతకన్నా దగ్గరి నమూనా లేదు.

మధ్య అమెరికాలోని కోస్టారికా ఎడ్లబండి మనవాళ్లకు మరింత బోధపడుతుంది. కాఫీ గింజలు మోసిన ఆ బండ్ల చక్రాలకు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రంగు ముగ్గులు వేయడం మొదలైంది. ముగ్గును బట్టి ఏ ప్రాంతపు బండో తెలిసేది, ఇనుప కడియం కుండను తాకే చప్పుడును బట్టి ఎవరి బండో తెలిసేది. 2005లో యునెస్కో దీన్ని గుర్తించింది. ఢాకా రిక్షా బొమ్మలకు 2023లో అదే గుర్తింపు వచ్చింది. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1988 నుంచి ఆర్ట్ కార్ల ఊరేగింపు జరుగుతోంది.

చట్టం ఏమంటుంది

ఎడ్ల బండికి ఆర్సీ లేదు, దాన్ని ఎలా మలచుకున్నా ఆర్టీఓ అడగడు. మోటారు వాహనానికి మాత్రం నియమాలున్నాయి. యజమాని చనిపోతే 30 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31 ద్వారా పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. కళ సంగతి తర్వాత, ముందు ఈ పని ముగించకపోతే నాయిన పేరున్న బండి మీద ఏ కాగితమూ కదలదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణ వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అలాంటి ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు నిర్దేశించారు. రంగు మారిస్తే ఆర్సీలో నమోదు చేయించాలి. సైన్యం వాడే ఆలివ్ గ్రీన్ రంగు ప్రైవేటు వాహనానికి నిషిద్ధం. పాత జీపులున్నవారు ఎక్కువగా పట్టుబడేది ఇక్కడే.

2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నియమాలు యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు, పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇస్తున్నాయి. మొదటి రిజిస్ట్రేషన్‌కు 20,000, పునరుద్ధరణకు 5,000 రూపాయలు. కాని ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి. అంటే 1972 నాటి చేతక్ ఇప్పుడు వింటేజ్ హోదాకు తగిన వయసుకు వచ్చినా, దాని రేకును చెక్కి కొత్త రూపం ఇచ్చినవాడు ఆ హోదాను వదులుకోవలసి రావచ్చు. బొమ్మ వేయించాలా, రేకును మార్చాలా అన్నది ఎంచుకునేముందు ఇది చూసుకోవాలి. బండిని ఇక రోడ్డెక్కించకుండా వాకిట్లోనే నిలపాలనుకుంటే, అది వాడకానికి శాశ్వతంగా పనికిరాకుండా పోయిందని 14 రోజుల్లో తెలిపి ఆర్సీ అప్పగించాలని 55వ సెక్షన్ చెబుతోంది. ఆ పని చేసినా ఛాసిస్, ఇంజన్ నంబర్ల మీద లప్పం పెట్టకుండా, రంగు పూయకుండా వదలమని మేస్త్రీకి ముందే చెప్పుకోవాలి.